పాత జిప్సీ, జీపుల కింద మరకలు: కారుతున్న చోటు కనుక్కొని ఆపడం ఎలా

బండి కింద మరక కనబడగానే ఆయిల్ సీల్ (తిరిగే షాఫ్టు చుట్టూ నూనెను ఆపే రబ్బరు రింగు) కొనడానికి బెంగళూరు జేసీ రోడ్డు విడిభాగాల దుకాణాలకు బయలుదేరకండి. మారుతి జిప్సీ కానివ్వండి, మహీంద్రా ఎంఎం540 కానివ్వండి, 2010లో వచ్చిన మొదటి థార్ కానివ్వండి, పాత బండిలో చుక్క పడిన చోటు ఒకటి, అది పుట్టిన చోటు మరొకటి. ఇంజిన్ పైభాగంలో ఊరిన నూనె వెనక గోడ వెంట జారి, క్లచ్ హౌసింగ్ అడుగుకు చేరి, అక్కడి నుంచి నేల మీద పడుతుంది. కింద నుంచి మాత్రమే చూసినవారు క్రాంక్ వెనక సీల్ పోయిందంటారు, గేరుబాక్సు దించాలంటారు. వేల రూపాయలు పోసి అదంతా చేయించాక కూడా మరక అక్కడే ఉంటుంది. ఎందుకంటే ఎండిపోయినది పైన టాపెట్ కవరు (ఇంజిన్ నెత్తిన ఉండే మూత) ప్యాకింగ్.

బెంగళూరులో పాత ఫోర్‌వీల్ బండ్లు నడిపే మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. వారాంతంలో మదనపల్లెకో హిందూపురానికో వెళ్లే దారిలో మట్టిబాట పట్టేవారికి, చిక్కబళ్లాపురం కొండల్లో బండి తిప్పేవారికి ఈ సమస్య ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. పనిలో సగం వెతకడమే కాబట్టి ముందు దానికే సమయం కేటాయించండి. ఒక రాత్రి, మర్నాడు ఉదయం చేతిలో ఉంటే చాలు. ఖరీదైన పనిముట్లు ఏవీ అక్కర్లేదు.

కారుతున్నది ఏమిటి?

రాత్రి నిలిపే ముందు బండిని అరగంటైనా నడిపి, ఇంజిన్, గేరుబాక్సు, ముందూ వెనకా డిఫరెన్షియల్ హౌసింగులు (ఇరుసు మధ్యలో చక్రాలను తిప్పే గేర్లుండే డబ్బాలు) బాగా వేడెక్కనివ్వండి. వేడికి నూనె పలచబడి సందుల్లోంచి తేలిగ్గా బయటపడుతుంది. సమతలంగా ఉన్న చోట నిలిపి, పెద్ద అట్టపెట్టెలను విప్పి బండి పొడవునా కింద పరచండి. ముందు వైపు ఏదో, టైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులు లేకపోతే పొద్దున అట్టను బయటకు లాగాక ఏ చుక్క దేని కింద పడిందో చెప్పలేరు. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఉండేవారికి అట్ట వల్ల మరో మేలు, పక్కవారి నుంచి నేల పాడైందన్న ఫిర్యాదు రాదు.

పొద్దున ప్రతి చుక్కనూ వేలితో తాకి, నలిపి, వాసన చూడండి. ఇంజిన్ ఆయిల్ గోధుమరంగులోనో నల్లగానో ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో అయితే కొత్తగా పోసినది కూడా కొద్ది రోజుల్లోనే కాటుకలా నల్లబడుతుంది. గేరు ఆయిల్ చిక్కగా ఉండి, గంధకం వాసన ఘాటుగా కొడుతుంది. ఒకసారి ఆ వాసన పట్టారంటే జన్మలో మరచిపోరు. కూలెంట్ ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, తీపి వాసన వేస్తుంది, ఆరాక జిగురుగా అంటుకుంటుంది. పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో ఎర్రగా, పలచగా ఉండే నూనె ముందు భాగంలో పడుతుంది. ఏసీ ఉంటే దాని నీళ్లు కూడా పడతాయి. అవి వట్టి నీళ్లే కాబట్టి వదిలేయండి.

తికమక పెట్టేది బ్రేకు ఆయిల్. చక్రం లోపలి వైపు తడి కనబడితే అది యాక్సిల్ నుంచి వచ్చిన గేరు ఆయిలా, వీల్ సిలిండర్ నుంచి వచ్చిన బ్రేకు ఆయిలా అన్నది చీకట్లో తేల్చడం కష్టం. దీనికి తేలికైన పరీక్ష ఉంది. ఆ తడిని ఒక పుల్లతో తీసి గాజు గ్లాసులోని నీళ్లలో ముంచండి. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 బ్రేకు ఆయిల్ నీళ్లలో కలిసిపోయి కనబడకుండా పోతుంది. గేరు ఆయిల్ పైకి తేలి రంగురంగుల పొరగా పరుచుకుంటుంది. ఆ ఒక్క గ్లాసు నీళ్లతో మీరు విప్పాల్సింది డ్రమ్మా, యాక్సిల్ షాఫ్టా అన్నది తేలిపోతుంది. బ్రేకు ఆయిల్ చర్మానికీ కళ్లకూ మంచిది కాదు. చేతికి తొడుగులు వేసుకోండి, అంటితే వెంటనే కడగండి.

ఏ మరమ్మతుకు ఆగవచ్చు, దేనికి ఆగకూడదు

పెద్ద మరకను చూసి కంగారుపడతాం, చిన్న తడిని పట్టించుకోం. వరుస దానికి తలకిందులుగా ఉండాలి. ఇంజిన్ ఆయిల్ రాత్రికి నాలుగు చుక్కలు పడితే, వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకుంటూ నెల నడిపినా నష్టం లేదు. బ్రేకు ఆయిల్ ఒక్క చుక్క కనబడినా బండి కదపకూడదు. పెట్రోలు వాసన వస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పెట్టాలి. కూలెంట్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. కొంచెంగా కారుతుంటే నింపుకొని ఇంటికి రావచ్చు, కానీ హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఉష్ణోగ్రత ముల్లు పైకి పోయిందంటే అక్కడే ఆపాలి. వేడెక్కి తల (సిలిండర్ హెడ్) వంగిన ఇంజిన్‌ను బాగుచేసే ఖర్చుతో పోలిస్తే టోయింగ్ ఖర్చు ఏపాటిది?

కడగండి, ఆరనివ్వండి, పౌడరు చల్లండి

బెంగళూరు ఎర్ర దుమ్ము నూనె పట్టిన చోట పేరుకొని పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు ఎక్కడ మందంగా ఉందో ముందుగా ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోండి. పొడిగా, దుమ్ముపట్టి ఉన్నది పాత తడి. మెరుస్తూ, దుమ్ము నిలవకుండా ఉన్నది ఇప్పుడు కారుతున్న చోటికి దగ్గరిది. ఫొటోలు అయ్యాకే కడగాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, డిస్ట్రిబ్యూటరు, ఆల్టర్నేటరు, గాలి లోపలికి వెళ్లే గొట్టం మూతి ప్లాస్టిక్ సంచులతో కట్టేయండి. గట్టి కుంచెతో డీజిల్ కానీ డీగ్రీజర్ కానీ రుద్ది, పెచ్చంతా నానాక సబ్బునీళ్లతో కడగండి. పెట్రోలుతో మాత్రం కడగవద్దు. సెల్లారులో దాని ఆవిరి కింద నిలబడిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టే చోట కడిగించేటట్లయితే, ఆయిల్ సీళ్ల మీదకూ బ్రీదర్ల మీదకూ నేరుగా కొట్టవద్దని దగ్గరుండి చెప్పండి.

తడి పూర్తిగా ఆరాక అనుమానం ఉన్న ప్రతి అతుకు మీదా మామూలు టాల్కం పౌడరు పలచగా అద్దండి. టాపెట్ కవరు అంచు, డిస్ట్రిబ్యూటరు మెడ, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్ చుట్టూ, చాంబరు (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) అంచు, గేరుబాక్సు అతుకులు, డిఫరెన్షియల్ హౌసింగ్‌లోకి షాఫ్టు దూరే ముక్కు, అన్నీ. పావుగంట ఇంజిన్ నిలిచిన చోటే తిప్పి, ఆపి, టార్చి వేసి చూడండి. అప్పటికీ ఏమీ కనబడకపోతే పది కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. తెల్లటి పొడి మీద వెంట్రుకంత సన్నటి గోధుమరంగు గీత కనబడుతుంది. దాన్ని కింద నుంచి పైకి చదవాలి. ఒక బోల్టు దగ్గర విడిపోతుంది, ఒక అంచు వెంట పక్కకు తిరుగుతుంది, మరికాస్త పైకి పోయి ఒక చోట ఆగిపోతుంది. ఆ చోటుకు పైన పొడి తెల్లగా, పొడిపొడిగా ఉంటే మీకు కావలసింది దొరికినట్లే. కన్ను పట్టని సందుల్లో ఫోనుకు లైటు వేసి వీడియో తీసి చూసుకోండి. బండి నడుస్తున్నప్పుడు గాలి నూనెను వెనక్కి నెడుతుంది కాబట్టి, తడిసిన ప్రాంతంలో అన్నిటికంటే ముందున్నది, అన్నిటికంటే పైనున్నది మీ మొదటి ముద్దాయి.

ఇంజిన్: పై నుంచి కిందికి

ఏ ప్యాకింగూ ముట్టకముందే క్రాంక్‌కేసులో ఒత్తిడి సంగతి చూడండి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలచటి కాగితం పెట్టండి. మంచి పెట్రోలు ఇంజిన్‌లో కాగితం కాస్త లోపలికి అంటుకుంటుంది, లేదా కదలకుండా ఉంటుంది. అది పైకి ఎగిరిపోతూ, రంధ్రంలోంచి పొగ బుసబుసమని వస్తుంటే లోపలి గాలికి దారి లేదన్నమాట. ఆ గాలిని బయటకు పంపే పీసీవీ వాల్వు కానీ దాని గొట్టం కానీ మూసుకుపోయి ఉండవచ్చు. దాన్ని ముందు శుభ్రం చేసి, అవసరమైతే మార్చండి. దారి తెరిచి ఉన్నా పొగ ఆగకపోతే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. పాత డీజిల్ జీపుల్లో ఇది తరచుగా కనబడుతుంది. అలాంటి ఇంజిన్‌కు ఎన్ని సీళ్లు మార్చినా ఒత్తిడి మరో బలహీనమైన చోటు వెతుక్కుంటుంది.

టాపెట్ కవరు ప్యాకింగ్ మార్చడం ఎవరైనా చేసుకోగల పని. కవరు తీశాక పాత ప్యాకింగ్‌ను ప్లాస్టిక్ ముక్కతో గీకండి. అల్యూమినియం తల మీద స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే పడే గీత రేపటి లీకు. కవరు అంచును అద్దం ముక్క మీద పెట్టి వంకర ఉందేమో చూడండి. రబ్బరు ప్యాకింగ్‌కు సీలెంట్ పూయనక్కర్లేదు. అర్ధచంద్రాకారపు మూలలు, అతుకులు కలిసే చోట్ల మాత్రం గోరంత చాలు. బోల్టులు మధ్య నుంచి బయటకు, అటొకటి ఇటొకటిగా, చేతి మణికట్టు బలంతో బిగించండి. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందన్న నమ్మకం వల్లే వంగిపోయిన కవర్లు ఇన్ని కనబడుతున్నాయి.

1.3 లీటర్ల కార్బురేటరు జిప్సీ ఉన్నవారు ప్రత్యేకంగా చూడాల్సింది స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు. ఈ ఇంజిన్‌లో అది తల వెనక కొసన, క్యామ్‌షాఫ్ట్‌కు తగిలి ఉంటుంది. దాని మెడ దగ్గర ఒక రబ్బరు ఓ-రింగు ఉంటుంది. అది ఏళ్ల తరబడి వేడికి బిరుసెక్కి పగులుతుంది. కారిన నూనె తిన్నగా క్లచ్ హౌసింగ్ మీదకు దిగుతుంది, అచ్చం క్రాంక్ వెనక సీల్ పోయినట్లే కనబడుతుంది. మార్చేముందు డిస్ట్రిబ్యూటరు ఒళ్లు, తల కలిసే చోట అడ్డంగా ఒక గీత గీసి, రోటర్ ఎటు చూస్తోందో ఫొటో తీయండి. తిరిగి అదే గీతకు పెడితే టైమింగ్ పెద్దగా మారదు. అయినా టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ మధ్యలోంచి కారితే నూనె చుట్టూ చిమ్మినట్లుంటుంది. కొత్తది వేయడమే మార్గం. ఫిల్టర్ దగ్గర కారుతుంటే పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అంటుకుపోయి, దాని మీద కొత్తది ఎక్కిందేమో చూడండి. డ్రెయిన్ నట్టు దగ్గరైతే వాషరు మార్చండి, నట్టు మరింత బిగించవద్దు, మర పోతుంది. చాంబరు అంచు తడిగా ఉండి, పైన అంతా పొడిగా ఉంటేనే చాంబరు ప్యాకింగ్ మీద చేయి వేయాలి. దించినప్పుడు ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది. దాన్ని చెక్క దిమ్మె మీద పెట్టి సుత్తితో చదును చేశాకే కొత్త ప్యాకింగ్ వేయండి.

పైన అన్నీ పొడిగా ఉండి, క్లచ్ హౌసింగ్ అడుగు రంధ్రంలోంచే తడి వస్తుంటే అప్పుడు వాసన చూడండి. గంధకం వాసన లేని నల్లటి నూనె అయితే క్రాంక్ వెనక సీల్. ఘాటైన వాసన ఉంటే గేరుబాక్సు ముందు సీల్. రెండింటికీ గేరుబాక్సు దించాల్సిందే. దించిన రోజున రెండు సీళ్లూ, క్లచ్ బేరింగూ కలిపి మార్పించండి. మళ్లీ అదే కూలీ ఇవ్వాల్సిన పని ఉండదు.

కూలెంట్

సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటరు మూత స్ప్రింగు పట్టే ఒత్తిడి వల్లే మన ఇంజిన్లు మరగకుండా నడుస్తాయి. ఆ మూత రబ్బరు పగిలిందేమో చూడటం మొదటి పని. వేడిగా ఉండగా మాత్రం మూత తీయవద్దు. పొద్దున చలికి మాత్రమే కారి, వేడెక్కాక ఆగిపోతే గొట్టాల క్లిప్పులు వదులయ్యాయని అర్థం. వాటర్ పంపు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని కింద రంగు చార కనబడితే పంపు లోపలి సీల్ పోయినట్లే, ఆ రంధ్రాన్ని మూయాలని చూడవద్దు. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గిపోతుంటే, డిప్‌స్టిక్ మీద మజ్జిగ రంగు నురగ ఉంటే, హెడ్ గాస్కెట్ సంగతి మేస్త్రీకి చూపించండి. నగరంలో చాలాచోట్ల వచ్చే బోరు నీళ్లు లవణాలతో కఠినంగా ఉంటాయి. అవి పోస్తే రేడియేటరు గొట్టాల్లో సున్నపు పొర పేరుకుంటుంది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే కలపండి.

హౌసింగులు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే పెట్టె): బ్రీదర్ చూడకుండా సీల్ మార్చవద్దు

మట్టిలో, నీళ్లలో తిరిగే బండికి అసలు బాధ ఇక్కడే. ప్రతి హౌసింగ్ మీదా బ్రీదర్ అనే చిన్న ఊపిరి గొట్టమో మూతో ఉంటుంది. బండి నడిచి నూనె వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి దానిలోంచి బయటకు పోవాలి. బ్రీదర్ బురదతో మూసుకుపోతే ఆ ఒత్తిడి సీల్ పెదవిని నెట్టుకొని నూనెను బయటకు తోస్తుంది. వాగు దాటేటప్పుడు ఇంకో ముప్పు ఉంది. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, మూసుకున్న బ్రీదర్ బదులు సీల్ సందులోంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. వర్షాకాలం తర్వాత డ్రెయిన్ నట్టు విప్పితే గేరు ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చిందంటే కారణం ఇదే. అలాంటి నూనెను ఒక్క రోజు కూడా ఉంచవద్దు, బేరింగులు తుప్పుపడతాయి.

కాబట్టి బ్రీదర్ విప్పి డీజిల్‌లో నానబెట్టి, నోటితో కాక పంపుతో గాలి కొట్టి చూడండి. గాలి ఆడకపోతే కొత్తది వేయండి. దానికి రబ్బరు గొట్టం తగిలించి, చాసిస్ వెంట పైకి నడిపించి, ఇంజిన్ గదిలో ఎత్తుగా కట్టి పెడితే వాగులు దాటేవారికి చాలా తలనొప్పులు తగ్గుతాయి. గొట్టం ఎక్కడా మడత పడకుండా, చక్రాలు కిందికి దిగినప్పుడు లాగుకుపోకుండా కాస్త వదులు ఉంచండి. చవకగా అయ్యే ఈ పని ప్రతి పాత ఫోర్‌వీల్ బండికీ మొదటి రోజే చేయాలని నా అభిప్రాయం. బ్రీదర్ బాగయ్యాక హౌసింగ్ తుడిచి, వారం నడిపి చూడండి. చాలాసార్లు లీకు అక్కడే ఆగుతుంది.

నూనె మార్చేటప్పుడు ఎప్పుడూ ముందు నింపే నట్టు విప్పండి, ఆ తర్వాతే డ్రెయిన్ నట్టు. నింపే నట్టు తుప్పుతో బిగుసుకుపోయి రాకపోతే, నూనె మొత్తం కిందపోసుకొని బండి కదలలేని స్థితిలో ఉండిపోతారు. నింపే రంధ్రం అంచు నుంచి నూనె సన్నగా వెనక్కి కారేంత వరకు పోస్తే సరిపోతుంది. ఎక్కువ పోసినా సీళ్లలోంచి బయటకే వస్తుంది. డిఫరెన్షియల్‌కు జీఎల్-5 రకం 80డబ్ల్యు-90 సరైనది. గేరుబాక్సుకు కంపెనీ జీఎల్-4 అని చెప్పి ఉంటే అదే పోయండి. కొన్ని జీఎల్-5 నూనెల్లోని రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

బ్రీదర్ బాగున్నా పినియన్ ముక్కు (హౌసింగ్‌లోకి షాఫ్టు దూరే చోటు) దగ్గర తడి ఆగకపోతే సీల్ మార్చాలి. విప్పేముందు పినియన్ నట్టు, షాఫ్టు కొన, ఫ్లాంజ్ మూడింటి మీదుగా ఒకే గీత వచ్చేలా చిన్న ఉలితో గుర్తు పెట్టండి. నట్టు బయటకు ఎన్ని మరలు కనబడుతున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. లోపల నలిగే స్లీవు ఉన్న హౌసింగులో ఆ నట్టు బిగువే బేరింగ్ బిగువును నిర్ణయిస్తుంది. తిరిగి అదే గుర్తుకు తేవాలి. ఇష్టం వచ్చినట్లు నట్లు బిగించే గన్నుతో బిగిస్తే సీల్ నిలుస్తుంది కానీ బేరింగ్ కాలిపోతుంది. ఈ పని చేయించేటప్పుడు మేస్త్రీ పక్కన నిలబడండి.

ఫ్లాంజ్ బయటకు వచ్చాక సీల్ కూర్చునే చోట గోటిని అడ్డంగా లాగండి. గోరు గాడిలో తట్టుకుంటే కొత్త సీల్ వేసినా కారుతుంది. అలాంటప్పుడు పలచటి ఉక్కు స్లీవు తొడిగించవచ్చు, లేదా సీల్‌ను పాత గాడి మీద కాక ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కన కూర్చునేలా కొట్టవచ్చు, లేదా ఫ్లాంజే మార్చవచ్చు. పాత సీల్ మీద మూడు అంకెలు ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. జేసీ రోడ్డు దుకాణాల్లో బండి పేరు చెప్పడం కంటే ఆ అంకెలు చూపించడం, వీలైతే పాత సీల్‌నే బల్ల మీద పెట్టడం మేలు. పాత బండ్లలో ఇంతకుముందు యజమానులు ఏ హౌసింగ్ మార్చారో ఎవరికి తెలుసు? సీల్ స్ప్రింగు వైపు నూనె ఉన్న వైపుకే ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాసి, బయటి అంచు అంతటికీ సమానంగా తగిలే పైపు ముక్కతో నిదానంగా దింపండి. ఒక పక్క సుత్తితో కొడితే సీల్ వాలిపోతుంది.

జిప్సీ ముందు చక్రాల దగ్గర మరో విషయం. స్టీరింగ్ తిరిగే కీలు ఒక గుండ్రటి లోహపు బంతిలో మూసి ఉంటుంది. లోపల ఉండాల్సింది గ్రీజు. ఆ బంతి కింది నుంచి పలచటి నల్లటి జావలాంటిది కారుతుంటే, యాక్సిల్ గొట్టం చివరన లోపలి ఆయిల్ సీల్ పోయి, గేరు ఆయిల్ వచ్చి గ్రీజుతో కలిసిందన్నమాట. బయట కనబడే రబ్బరు, ఫెల్టు రింగులు మారిస్తే దుమ్ము ఆగుతుంది కానీ కారడం ఆగదు. లోపలి సీల్ మార్చి, బంతినంతా కడిగి, కొత్త గ్రీజు నింపాలి. ఎలాగూ విప్పారు కాబట్టి కింగ్‌పిన్ బేరింగులూ చూడండి.

పాత మహీంద్రా జీపుల్లో గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. ఒకదాంట్లో నూనె తగ్గి, రెండోదాంట్లో ఎక్కువైతే బయట ఎక్కడా లీకు లేకపోయినా మధ్య సీల్ దాటి నూనె అటు పోతోందని అర్థం. అందుకే రెండింటి నింపే నట్లూ ఒకేసారి విప్పి చూడాలి. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంటుంది. అక్కడి సీల్ కారితే ఆ డ్రమ్ము తడిసి బ్రేకు పట్టదు. ఇంకా ముఖ్యమైనది, ఒక వెనక చక్రాన్ని జాకీతో ఎత్తగానే ఆ హ్యాండ్ బ్రేకు పనిచేయడం మానేస్తుంది. డిఫరెన్షియల్ వల్ల నేల మీది చక్రం తిరిగిపోగలదు, బండి దొర్లుతుంది. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, జాకీ స్టాండ్ల మీద నిలిపాకే కిందకు దూరండి. జాకీని నమ్మి బండి కింద పడుకోవడం ప్రాణాలతో చెలగాటం. సెల్లారు వాలులో ఈ పనులేవీ చేయవద్దు.

బ్రేకులు

మాస్టర్ సిలిండర్ కింద బూస్టర్ మీద పెయింటు పొక్కి లేచిందంటే అక్కడ కారుతున్నట్లే. బ్రేకు ఆయిల్ పెయింటును తింటుంది. వెనక డ్రమ్ములు తీసి వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచును మెల్లగా ఎత్తి చూడండి. లోపల తడి కారేంత ఉంటే రెండు వైపులా సిలిండర్లు మార్చండి, ఒక వైపే కాదు. ఆయిల్ తగిలిన బ్రేకు షూలు ఎంత కడిగినా పనికిరావు. ముందు చక్రాల రబ్బరు గొట్టాలను వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. చాసిస్‌కు క్లిప్పులు పట్టే చోట ఇనుప పైపులు తుప్పుపడతాయి, అక్కడ క్లిప్పు కింద కూడా చూడండి. బ్రేకు రబ్బర్లను డీజిల్‌తోనో పెట్రోలుతోనో తుడవకండి, ఉబ్బిపోతాయి. ఎక్కడ విప్పినా చివరికి గాలి తీయించాల్సిందే.

పెట్రోలు, డీజిల్

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. దానికి తట్టుకునే భాగాలతో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి. పాత జిప్సీ రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి, ఉబ్బి, తర్వాత పగులుతాయి. టాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ ఒకేసారి ఇథనాల్‌కు పనికొచ్చేవి వేయించండి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు బదులు ఇంజెక్టర్లున్న) బండికి ఫ్యూయెల్ ఇంజెక్షన్ కోసం చేసిన, ఎక్కువ ఒత్తిడి పట్టే గొట్టమూ దానికి తగిన క్లిప్పులూ తప్పనిసరి. మామూలు గొట్టం ఆ ఒత్తిడికి ఊడిపోతుంది.

డీజిల్ బండి పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాకే అందుకుంటుంటే, కింద చుక్క పడకపోయినా ఎక్కడో గాలి లోపలికి పోతోంది. డీజిల్ పైపులను కలిపే బాంజో బోల్టుల రాగి వాషర్లు ముందు చూడండి. ఇంజెక్టర్ పైపుల దగ్గర లీకును, ముఖ్యంగా సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) ఇంజిన్‌లో, ఎప్పుడూ వేలితో తడమవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే పైకి చిన్న సూది గుచ్చినట్లే కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంజిన్ ఆపి, కాగితం ముక్కతో తుడిచి చూడండి.

దారిలో, ఆ తర్వాత

ఊరికి దూరంగా కారడం మొదలైతే పెద్దవాళ్లు వాడే చిట్కాలు ఇప్పటికీ పనికొస్తాయి. పెట్రోలు టాంకుకు సూది బెజ్జం పడితే బట్టల సబ్బు ముద్ద రుద్దితే ఇల్లు చేరేదాకా ఆగుతుంది. రేడియేటరుకు సన్న బెజ్జమైతే చెంచాడు పసుపు పొడి వేస్తారు. ఇంటికి చేరాక రేడియేటరు మొత్తం కడిగించండి, లేకపోతే ఆ పసుపే సన్న గొట్టాలను మూసేస్తుంది. బ్రేకు ఆయిల్‌కు మాత్రం చిట్కా ఏదీ లేదు. ఇంజిన్ ఆయిల్ బ్రేకు డబ్బాలో పోస్తే సీళ్లన్నీ ఉబ్బి బ్రేకులే పోతాయి. చిక్కటి నూనె పోసి లీకు దాచడం, సీల్ ఉబ్బించే మందులు పోయడం నాకు నచ్చవు. లీకు దాచి బండి అమ్మాలనుకునేవారి పనులవి.

మరమ్మతు అయ్యాక అదే చోట మళ్లీ పౌడరు అద్ది, మరో వంద కిలోమీటర్లు నడిపి, అట్ట పరచండి. కొత్త ప్యాకింగ్ వేసిన బోల్టులు చల్లారాక ఒకసారి తాకి చూడండి, వదులయినవి మాత్రమే బిగించండి. ఏ సీల్, ఏ అంకెలు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో పుస్తకంలో రాసి బండిలోనే పెట్టుకోండి. తీసిన పాత నూనెను మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన నూనె సేకరించే గ్యారేజీకి ఇవ్వండి. కాలువలో పోసినది నగరపు వాననీటి కాలువలైన రాజకాలువల వెంట బెళ్లందూరు, వర్తూరు లాంటి చెరువులకు చేరుతుంది. నూనె పట్టిన బట్టపేలికలను సెల్లారులో కుప్ప పోయకుండా, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి అదే గ్యారేజీకి అప్పగించండి.